ఆశ్రమంలో ఉన్న బిడ్డను అయినవాళ్ల దగ్గరకు చేర్చడం ఎలా?

తండ్రి పోయాడు, తల్లి కూలికి వెళ్తోంది, ఇద్దరు పిల్లలు. తెలిసినవారెవరో వచ్చి "పట్నంలో మంచి ఆశ్రమం ఉందమ్మా, చదువూ తిండీ వాళ్లే చూసుకుంటారు" అంటారు. వారం తిరక్కుండానే పిల్లలు బస్సెక్కుతారు. అందుకు ఒక్క కాగితం అడిగేవారుండరు. అదే తల్లి రెండేళ్ల తర్వాత బిడ్డను తెచ్చుకుంటానంటే మాత్రం వంద ప్రశ్నలు ఎదురవుతాయి. చట్టం కోరుకున్నది దీనికి సరిగ్గా తలకిందులు. 2015 బాలల న్యాయ చట్టం మూడో సెక్షన్ ప్రకారం బిడ్డను సంస్థలో ఉంచడం అన్ని దారులూ మూసుకుపోయాక వెతకాల్సిన చివరి దారి. మన ఊళ్లలో అదే మొదటి దారిగా మారింది.

ఈ పద్ధతిని మార్చడానికి హైదరాబాద్ నుంచి ఉత్తర్వులు వచ్చేదాకా ఆగనక్కర్లేదు. మీరు నల్గొండ, సూర్యాపేట, నాగర్‌కర్నూల్, నారాయణపేట వైపు ఏ ఊళ్లోనైనా సర్పంచి కావచ్చు, బడి పంతులు కావచ్చు, ఆశా కార్యకర్తో మహిళా సంఘం సభ్యురాలో కావచ్చు, లేదా ఆ బిడ్డకు మేనమామే కావచ్చు. ఒక్క బిడ్డతో మొదలుపెట్టండి.

ఒక్క విషయం ముందే తెలిసి ఉండాలి. అనాథాశ్రమం అని బోర్డు ఉన్నంత మాత్రాన లోపల ఉన్నవారంతా అనాథలు కారు. 2016-17లో కేంద్ర స్త్రీ శిశు అభివృద్ధి శాఖ దేశమంతటా లెక్క తీయిస్తే 9,589 సంస్థల్లో 3 లక్షల 70 వేలకు పైగా పిల్లలు తేలారు. వారిలో తల్లో తండ్రో ఒక్కరే మిగిలిన పిల్లల సంఖ్య అనాథల కంటే చాలా ఎక్కువ. అంటే చాలామంది పిల్లలకు ఇల్లుంది, ఆ ఇంట్లో డబ్బు లేదు.

1. ఎవరి బిడ్డ ఎక్కడుందో రాసుకోండి

దీనికి ఇల్లిల్లూ తిరిగి సర్వే చేయనక్కర్లేదు. అంగన్‌వాడీ రిజిస్టరు, బడిలో టీసీ తీసుకున్నవారి పేర్లు, వితంతు పింఛన్ల జాబితా పక్కపక్కన పెట్టుకుంటే సగం సంగతి బయటపడుతుంది. మిగతా సగం ఆశా కార్యకర్తకు తెలిసే ఉంటుంది. పాలమూరు ఊళ్లలో దీనికి ఇంకో ముఖం ఉంది. గుంపు మేస్త్రీ వెంట పుణె, ముంబై, భివండీ వెళ్లిన కుటుంబాల పిల్లలు ముసలివాళ్ల దగ్గర మిగిలిపోతారు. ముసలివాళ్లకు చేతకాని రోజు వచ్చినప్పుడు ఆ పిల్లలే ఆశ్రమాల దారి పడతారు. అందుకే ఇప్పటికే వెళ్లినవారితో పాటు రేపోమాపో వెళ్లేలా ఉన్నవారి పేర్లు కూడా రాయండి. వెళ్లినవారిని తెచ్చుకోవడం కంటే వెళ్లబోయేవారిని ఆపడం ఎంతో తేలిక. వలస కుటుంబాల పిల్లల కోసం బడుల్లో నడిపే సీజనల్ హాస్టల్ మీ మండలంలో ఉందేమో మండల విద్యాధికారిని అడగండి. బిడ్డ ఊళ్లోనే, అదే బడిలో ఉంటుంది.

గురుకులంలోనో కస్తూర్బా విద్యాలయంలోనో చదివే పిల్లల సంగతేమిటని అడగవచ్చు. అవి బడులు, ఆశ్రమాలు కావు. అయినా ఒక ప్రశ్న వేయండి: దసరా సెలవులకు ఆ బిడ్డ ఎక్కడికి వెళ్తుంది? చెప్పడానికి ఒక ఇంటి పేరు లేకపోతే ఆ బిడ్డ పేరూ జాబితాలో ఉండాలి.

ఈ జాబితా మీ దగ్గరే ఉండాలి. గ్రామసభలో చదవకూడదు, వాట్సాప్ గ్రూపులో పెట్టకూడదు. రక్షణ అవసరమైన బిడ్డ పేరు, ఊరు, ఫొటో పత్రికల్లోనో మరో విధంగానో బయటపెట్టడం అదే చట్టం 74వ సెక్షన్ కింద నేరం. ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా పడవచ్చు.

2. ఆ ఆశ్రమానికి రిజిస్ట్రేషన్ ఉందా?

పిల్లలను ఉంచుకునే ఏ సంస్థ అయినా, ప్రభుత్వ సాయం తీసుకున్నా తీసుకోకపోయినా, 41వ సెక్షన్ కింద నమోదు చేయించుకోవాలి. లేకపోతే నడిపేవారికి ఏడాది వరకు జైలు, లక్ష రూపాయలకు తగ్గని జరిమానా. సొసైటీ కిందనో ట్రస్టు కిందనో నమోదైన కాగితం చూపిస్తే సరిపోదు, ఇది వేరు. జిల్లా బాలల సంరక్షణ విభాగంలో అడిగితే చెబుతారు. బిడ్డ అక్కడికి బాలల సంక్షేమ సమితి (ఇలాంటి పిల్లలు ఎక్కడ ఉండాలో తేల్చే జిల్లా సమితి) ఉత్తర్వుతో వెళ్లిందా, నేరుగా ఇంటి నుంచి వెళ్లిందా అన్నది కూడా అక్కడే కనుక్కోండి.

రిజిస్ట్రేషన్ లేదని తెలిసిందా? నలుగురిని వెంటేసుకుని వెళ్లి గేటు ముందు గొడవ చేయకండి, బిడ్డను ఆటోలో ఎక్కించుకుని రాకండి. రాత్రికి రాత్రే పిల్లలను వేరే చోటికి తరలించే ప్రమాదం ఉంది. జిల్లా బాలల సంరక్షణ అధికారికి రాసివ్వండి, లేదా పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయండి. పగలూ రాత్రీ పలుకుతారు, డబ్బులు పడవు.

3. బిడ్డ ఎందుకు వెళ్లింది?

ఈ మెట్టు దగ్గర తొందరపడకండి. "డబ్బుల్లేక" అనేది అందరూ చెప్పే జవాబు. చాలాసార్లు నిజమే, కానీ దాని వెనక ఇంకొకటి ఉండవచ్చు. తల్లి మళ్లీ పెళ్లి చేసుకుని ఉండవచ్చు, కొత్త భర్తకు పిల్లలు ఇష్టం లేకపోవచ్చు. తండ్రి తాగి కొడుతూ ఉండవచ్చు. ఆడపిల్ల ఎదిగింది, ఇంట్లో ఒంటరిగా వదిలి పత్తి ఏరడానికి పోవాలంటే తల్లికి భయం ఉండవచ్చు. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరోసిస్‌తో నడుము వంగిపోయిన తండ్రి సంపాదించలేని స్థితిలో ఉండవచ్చు. కారణం మారితే చేయాల్సిన పనీ మారుతుంది. డబ్బు కారణమైతే డబ్బుతో తీరుతుంది. భయం కారణమైతే ఎన్ని వేలు ఇచ్చినా తీరదు.

తల్లితో, అమ్మమ్మతో, మేనమామతో విడివిడిగా మాట్లాడండి. పది మందిలో అడిగితే అందరూ "మేం చూసుకుంటాం" అనే అంటారు, పరువు కోసం. "నెలకు బియ్యం ఎన్ని పడతాయి, రాత్రి ఎవరి పక్కన పడుకుంటుంది, జ్వరమొస్తే ఎవరు తీసుకెళ్తారు" అని అడగండి. వీటికి తడుముకోకుండా జవాబు చెప్పే మనిషి దొరికితే మీ పని సగం అయినట్లే. మా ప్రాంతంలో ఆ మనిషి ఎక్కువసార్లు అమ్మమ్మో, పెళ్లికాని మేనమామో, పెద్దమ్మో అవుతుంది. మేనత్తలను మనం అంతగా అడగం, అడిగి చూడండి.

ఇంట్లో ఎవరైనా బిడ్డ మీద చేయి చేసుకున్నారనో, అంతకంటే ఘోరం జరిగిందనో సందేహం వస్తే ఆ ఇంటికి బిడ్డను చేర్చే ప్రయత్నం అక్కడితో ఆపండి. లైంగిక హింస తెలిసీ చెప్పకపోవడం 2012 పోక్సో చట్టం కింద నేరం. పెద్దమనుషుల పంచాయితీలో తేల్చాల్సిన విషయం అసలే కాదు.

4. కాగితాలు

అందరూ విసిగిపోయేది ఇక్కడే, బిడ్డలు ఆగిపోయేదీ ఇక్కడే. తండ్రి మరణ ధ్రువీకరణ పత్రం, ఆదాయ పత్రం, బిడ్డ పుట్టిన తేదీకి ఆధారం, బిడ్డకూ చూసుకునేవారికీ ఆధార్, బడి నుంచి బోనఫైడ్, బ్యాంకు ఖాతా పుస్తకం. బిడ్డను ఇంట్లో పెంచేవారికి నెలనెలా ఇచ్చే సాయానికి (దాని సంగతి అయిదో మెట్టులో) మామూలుగా అడిగేవి ఇవే. ఆదాయ పత్రానికి మీసేవలో దరఖాస్తు పెడితే తహసీల్దార్ కార్యాలయం ఇస్తుంది.

మరణ పత్రం దగ్గర వలస కుటుంబాలకు చిక్కు వస్తుంది. మరణం ఎక్కడ జరిగితే అక్కడే నమోదు చేయాలి. పుణెలో గోడ కూలి చనిపోయిన మనిషి మరణం మక్తల్‌లో నమోదు కాదు. 21 రోజుల్లో చెబితే రుసుము లేకుండా నమోదవుతుంది. ఏడాది దాటితే మెజిస్ట్రేటు అధికారం ఉన్న అధికారి ఉత్తర్వు కావాలి. శవాన్ని ఊరికి తెచ్చే హడావుడిలో ఆసుపత్రి కాగితం, పోస్టుమార్టం నివేదిక ఎక్కడో పోతాయి. మీ ఊళ్లో ఎవరైనా పరాయిచోట చనిపోతే పెద్దకర్మ లోపే ఆ కాగితాలు సేకరించి ఒక సంచిలో పెట్టించండి. పంచాయతీ కార్యదర్శికి ఈ పని చేతనవుతుంది, ఎవరో ఒకరు గుర్తు చేయాలి అంతే.

మరి వదిలేసి పోయిన భర్త మాటేమిటి? బతికున్న మనిషికి మరణ పత్రం ఎక్కడి నుంచి వస్తుంది? కౌంటర్ దగ్గర "భర్త సర్టిఫికెట్ తెండి" అని తిప్పి పంపితే నేరుగా జిల్లా బాలల సంరక్షణ విభాగానికి వెళ్లండి. భర్త వదిలేసిన స్త్రీ పిల్లలు కూడా సాయానికి అర్హులని ఆ పథకం మార్గదర్శకాల్లోనే ఉంది. సామాజిక కార్యకర్త ఇంటికి వచ్చి విచారించి రాసే నివేదికే అప్పుడు ఆధారం.

5. స్పాన్సర్‌షిప్‌కు దరఖాస్తు

కేంద్రం, రాష్ట్రం కలిసి నడిపే మిషన్ వాత్సల్య కింద బిడ్డ సొంత ఇంట్లోనో బంధువుల ఇంట్లోనో ఉంటే నెలకు 4,000 రూపాయలు ఇస్తారు, స్పాన్సర్‌షిప్ అంటే ఇదే. కుటుంబ ఆదాయం ఏడాదికి పల్లెల్లో 72,000, ఇతర చోట్ల 96,000 రూపాయలు దాటకూడదు. తల్లి వితంతువైనా, విడాకులు తీసుకున్నా, భర్త వదిలేసినా, బిడ్డ తల్లిదండ్రులు లేక బంధువుల దగ్గర ఉన్నా, తల్లిదండ్రులు ప్రాణాంతక జబ్బుతోనో ప్రమాదంలో గాయపడో చూసుకోలేని స్థితిలో ఉన్నా అర్హత ఉంది. ఆశ్రమం నుంచి ఇంటికి తిరిగొచ్చే బిడ్డకూ ఇది వర్తిస్తుంది, ఆ మాట చాలామందికి తెలియదు. దరఖాస్తు జిల్లా కేంద్రంలోని బాలల సంరక్షణ విభాగంలో ఇవ్వాలి. ఇచ్చినట్లు రసీదు, లేకపోతే ముద్ర వేసిన నకలు తప్పక తీసుకోండి. ఆరేళ్లు దాటిన బిడ్డ సరిగా బడికి పోకపోతే సాయం ఆపే అవకాశం ఉందని ఇంట్లోవాళ్లకు ముందే చెప్పండి.

ఈ డబ్బు ప్రతి నెలా మొదటి తేదీకల్లా పడుతుందని ఆశపెట్టుకుని బిడ్డను తీసుకురావద్దు. ఈలోగా నిలబడేందుకు రేషన్ కార్డులో బిడ్డ పేరు చేర్పించడం, తల్లికి వితంతు పింఛను, ఉపాధి హామీ జాబ్ కార్డు, బడిలో మధ్యాహ్న భోజనం, ఆరేళ్లలోపైతే అంగన్‌వాడీ గుడ్డు చూసుకోండి. విడివిడిగా చూస్తే చిన్నవే, కలిస్తే ఇల్లు నడుస్తుంది.

6. బాలల సంక్షేమ సమితి ముందుకు

జిల్లాకొక సమితి ఉంటుంది. ఒక అధ్యక్షులు, నలుగురు సభ్యులు, వారిలో కనీసం ఒక మహిళ. మెజిస్ట్రేట్ల బెంచికి ఉండే అధికారాలు వారికి ఉంటాయి గానీ అది కోర్టులా నల్లకోట్ల చోటు కాదు. వకీలు అక్కర్లేదు, ఫీజు లేదు. దిక్కులేకుండా కనిపించిన బిడ్డను ప్రయాణ సమయం కాక 24 గంటల్లో సమితి ముందు హాజరుపరచాలి. పోలీసులే తేవాలని లేదు, మీరూ తీసుకెళ్లవచ్చు. ఆ తర్వాత సామాజిక విచారణ 15 రోజుల్లో, తుది ఉత్తర్వు నాలుగు నెలల్లో రావాలని చట్టం.

ఆశ్రమం నుంచి వెనక్కి తెచ్చుకోవాలంటే చూసుకునేవారి పేరుతో సమితికి ఒక అర్జీ రాయండి. బిడ్డతో చుట్టరికం, ఇంట్లో ఎవరెవరు ఉంటారు, బడి ఎంత దూరం, సంపాదన ఏమిటి, ఒక పేజీలో. "మా పేదరికాన్ని దయతలచి" అని వంగి వంగి రాయాల్సిన పనిలేదు. పేదరికం బిడ్డను దూరం చేయడానికి కారణం కాదన్నదే మీ వాదన కదా. బంధువుకు చట్టపరమైన సంరక్షకత్వం లేకపోయినా సమితి 'తగిన వ్యక్తి'గా గుర్తించి బిడ్డను అప్పగించవచ్చు.

సమితి బిడ్డ మాట కూడా వినాలి. మీరు వినండి, ముందుగా. పదేళ్ల పిల్ల "నాకు అక్కడే బాగుంది, స్నేహితులున్నారు" అంటే ఆ మాటను కొట్టిపారేయకండి. ఎందుకు బాగుందో కనుక్కోండి. కొన్నిసార్లు ఇంటికెళ్తే చదువు మాన్పించి పెళ్లి చేస్తారన్న భయమే ఆ మాట పలికిస్తుంది. ఉత్తర్వు చేతికొచ్చాక దాని నకలు బడికీ అంగన్‌వాడీకీ ఇవ్వండి.

7. మెల్లగా తీసుకురండి

అయిదేళ్లు బయట పెరిగిన బిడ్డను ఒక్క రోజులో ఇంట్లో దించి వెళ్లిపోకూడదు. సమితి అనుమతితో మొదట ఫోన్లు, తర్వాత ఇంటివాళ్లు వెళ్లి చూసి రావడం, ఆపైన బతుకమ్మకో సంక్రాంతికో నాలుగు రోజులు ఉండి వెళ్లడం, ఇవన్నీ అయ్యాక వేసవి సెలవుల్లో పూర్తిగా రావడం మంచిది. జూన్‌లో కొత్త బడిలో అందరితో పాటు చేరుతుంది. మధ్యలో తెస్తే టీసీ చిక్కు, పాఠాల చిక్కు. అన్నాచెల్లెళ్లను మాత్రం విడదీయకండి. ఒకరిని పెద్దమ్మకు, ఒకరిని చిన్నమ్మకు పంచడం పెద్దవాళ్లకు న్యాయంగానే కనిపిస్తుంది. పిల్లలకు మాత్రం అది రెండోసారి ఇల్లు పోవడమే.

మొదటి ఆరు నెలలు కష్టంగానే ఉంటాయి. పక్క తడుపుతారు, అన్నం దాచుకుంటారు, చిన్న మాటకే అలుగుతారు లేదా అసలు మాట్లాడరు. గంట కొడితే లేచి, గంట కొడితే తినడం అలవాటైన బిడ్డకు ఇంట్లో ఎప్పుడు తినాలో అడగడం కూడా రాదు. అమ్మమ్మకు ఈ సంగతి ముందే చెప్పి ఉంచితే "ఆశ్రమంలో చెడిపోయింది" అని నిందించదు. టీచరుకూ ఒక మాట చెప్పండి, తరగతిలో "అనాథ పిల్ల" అని పిలవకుండా. వారానికోసారి ఎవరో ఒకరు ఆ ఇంటి వైపు తొంగిచూడాలి. అంగన్‌వాడీ టీచరైతే ఎవరికీ ఎబ్బెట్టుగా ఉండదు.

8. అయినవాళ్లెవరూ లేకపోతే

అప్పుడు కూడా పెద్ద భవనం కంటే ఒక కుటుంబమే మేలు. ఆరేళ్లు దాటిన పిల్లలకు ఫోస్టర్ కేర్, అంటే పెంపుడు కుటుంబ సంరక్షణ ఉంది. 2024లో సవరించిన మార్గదర్శకాల ప్రకారం ఒంటరి వ్యక్తులూ ముందుకు రావచ్చు, రెండేళ్లు పెంచాక దత్తత కోరవచ్చు. పసిపిల్లలైతే శిశుగృహ ద్వారా చట్టబద్ధ దత్తత.

దత్తత విషయంలో నల్గొండ జిల్లాకు ఒక చేదు చరిత్ర ఉంది. 1999లో, మళ్లీ 2001లో దేవరకొండ చుట్టుపక్కల లంబాడా తండాల ఆడశిశువులను దళారులు కొన్ని వందల రూపాయలకో వేలకో తల్లుల నుంచి తీసుకుని హైదరాబాద్ దత్తత సంస్థలకు చేర్చిన వ్యవహారం బయటపడింది. తల్లుల వేలిముద్రలున్న కాగితాలే అప్పుడు ఆధారాలు. ఇప్పటికీ ఎవరైనా "స్టాంపు కాగితం మీద రాసుకుందాం" అంటే అది చెల్లదని, బిడ్డను అమ్మినా కొన్నా అయిదేళ్ల వరకు కఠిన శిక్ష అని చెప్పండి. నిజంగానే పెంచలేని తల్లి సమితి ముందు అప్పగించవచ్చు, మనసు మార్చుకోవడానికి ఆమెకు రెండు నెలల గడువు ఉంటుంది. ఆ రెండు నెలలూ ఆమె దగ్గరకు మీరు వెళ్లండి.

9. ఆశ్రమం నడిపేవారికి, చందా ఇచ్చేవారికి

మీ మీద కోపంతో రాయడం లేదు. ఎవరూ పట్టించుకోనప్పుడు అన్నం పెట్టినవారు మీరే. కానీ 2000లో రుమేనియా రాజధాని బుకారెస్ట్‌లో సంస్థల్లో ఉన్న 136 మంది పసిపిల్లలపై మొదలైన అధ్యయనం ఒకటి ఉంది. సగం మందిని పెంపుడు కుటుంబాలకు పంపి ఏళ్ల తరబడి గమనించారు. కుటుంబాలకు వెళ్లినవారి తెలివితేటలు, మాట, మమకారం మెరుగుపడ్డాయి, రెండేళ్లు నిండకముందే వెళ్లినవారివి మరింతగా. ఆయాలు మారుతూ ఉండే చోట ఎంత మంచి అన్నం పెట్టినా ఆ లోటు తీరదు.

కాబట్టి కొత్త గదులు కట్టడం ఆపి, లోపల ఉన్న ఒక్కో బిడ్డ ఇంటి చిరునామా వెతకడానికి ఒక సామాజిక కార్యకర్తను పెట్టుకోండి. భవనాన్ని సాయంత్రం చదువుల కేంద్రంగానో, పని చేసే తల్లుల పిల్లలకు పగటి సంరక్షణ కేంద్రంగానో మార్చవచ్చు. దాతలు పుట్టినరోజు భోజనాలకు ఇచ్చే డబ్బును ఒక అమ్మమ్మకు ఏడాదిపాటు నెలనెలా చేరేలా సమితికి తెలియజేసి ఏర్పాటు చేయండి. కేకు కోసి పిల్లలతో ఫొటో దిగే అలవాటు మానండి.

ప్రభుత్వంతో మాట్లాడాల్సిన మాట కూడా ఒకటుంది. పదేళ్లలోపు తల్లిదండ్రులను పోగొట్టుకుని, చట్టప్రకారం గానీ ఆచారం ప్రకారం గానీ చూసేవారు లేక, ప్రభుత్వ లేదా గుర్తింపు పొందిన పాఠశాలల్లో, అనాథాశ్రమాల్లో చేరిన పిల్లలకు బీసీ-ఏ జాబితాలో చోటుంది. ఆ వరుసలో అమ్మమ్మ దగ్గర పెరిగే అనాథ లేదు. చేరదీసినందుకు బిడ్డ ఒక ప్రయోజనం కోల్పోయే నిబంధన ఇది. మీ శాసనసభ్యులను కలిసినప్పుడు అడగండి.

10. పద్దెనిమిది దగ్గర పడుతున్న పిల్లలు

అందరినీ ఇంటికి చేర్చలేకపోవచ్చు. పదిహేడేళ్లు నిండిన పిల్లల సంగతి విడిగా చూడండి. పుట్టినరోజు నాడు గేటు బయట నిలబడే పరిస్థితి రాకూడదు. బాలల న్యాయ చట్టం 46వ సెక్షన్ కింద సంస్థ నుంచి బయటికొచ్చేవారికి 21 ఏళ్ల వరకు అనంతర సంరక్షణ సాయం ఉంది, కానీ అడిగితేనే కదులుతుంది. కనీసం ఆరు నెలల ముందే ఆశ్రమం వాళ్ల దగ్గరకు వెళ్లి ఆధార్‌లో చిరునామా, కుల ధ్రువీకరణ పత్రం, పదో తరగతి మెమో, సొంత పేరున బ్యాంకు ఖాతా ఉన్నాయో లేదో చూడండి. ఐటీఐ, పాలిటెక్నిక్ ప్రవేశాల తేదీలు కనుక్కుని పెట్టండి. ఓటరు జాబితాలో పేరు నమోదుకు ఏ ఊరి చిరునామా ఇవ్వాలని ఆ అబ్బాయి అడిగితే, మీ ఊరిదే రాయించండి.